మధ్యతరగతి మనస్సు



'తరగతి' అను మాట తెలుగువారికి మొదట బడిలో పరిచయమైనది, పిదప రైలుబండిలో. బడిలోని తరగతి ఏటేట మారును, తప్పినవానికి తప్ప. రైలులోని తరగతి చేతిలోని డబ్బునుబట్టి ఏ ప్రయాణమునకు ఆ ప్రయాణము మారును. సంఘములోని తరగతి ఇంత తేటగా కనబడునది కాదు. దానికి టిక్కెట్టు లేదు, పరీక్ష లేదు. అయినను ఒకడు వీధిలో నడచి పోవుచుండగా వాని చొక్కా మడత, చెప్పుల తీరు, పలకరింపునకు బదులిచ్చు విధము చూచి ఊరిలోని పసివాడు సయితము వాడే తరగతివాడో చెప్పగలడు. అట్లు చెప్పలేనివాడు ఎవడైన నుండిన, తఱచుగా వాడు ఆ నడచుచున్న మనిషియే.

రైలు సంగతి కొంత నెమ్మదిగా చూడదగినది. పూర్వము బండ్లలో నాలుగు తరగతులుండెడివి: మొదటిది, రెండవది, ఇంటరు, మూడవది. మూడవ తరగతి ప్రయాణికుల దురవస్థను గూర్చి గాంధీమహాత్ముడు 1917లో ప్రత్యేకముగా వ్రాసెను. ఆ మూడవదానికిని రెండవదానికిని నడుమ నుండిన ఇంటరు తరగతి, పేరునకు తగినట్లు, నడిమివారిది. మూడవ తరగతికంటె అందులో సౌకర్యము కొద్దిగా మాత్రమే ఎక్కువ. అదనముగా ఇచ్చిన డబ్బుతో ఆ ప్రయాణికుడు కొన్నది ఆ కొద్దిపాటి సౌకర్యమును మాత్రమే కాదు, గంపలతోను మూటలతోను ఎక్కువారి సరసన కూర్చుండకుండ నుండు హక్కును గూడ. 1955లో పై తరగతిని తీసివేసి, రెండవదానికి మొదటిదనియు, ఇంటరునకు రెండవదనియు పేరు పెట్టిరి. 1974లో మూడవ తరగతి యను మాటయే పోయి, అదియు రెండవ తరగతి యైనది. పట్టాలు అవే, ఎక్కువారు వారే. చెక్కబల్లపై రెండంగుళముల మెత్త మాత్రము 1977 తరువాత, మధు దండవతే రైల్వే మంత్రిగా నున్న కాలమున వచ్చినది. పేరు ముందు మారి మెత్త తరువాత వచ్చుట గమనింపదగినది.

ప్రభుత్వోద్యోగముల తీరును ఇట్టిదే. కేంద్ర ప్రభుత్వమున ఒకటి మొదలు నాలుగు వరకు తరగతులుండెడివి. 'నాలుగవ తరగతి ఉద్యోగి' అను మాట బంట్రోతు గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనెడిది. 1970 దశకములో తరగతులను గ్రూపులుగా మార్చి ఎ, బి, సి, డి యని అక్షరము లిచ్చిరి. అంకెలు పోయి అక్షరములు వచ్చినంత మాత్రమున వరుస పోదు గదా! ఎ తరువాతనే డి వచ్చునని అందఱకును తెలియును. ఆరవ వేతన సంఘము 2008లో చేసిన సిఫార్సు ననుసరించి ఆ డి గ్రూపును సి గ్రూపులో కలిపివేసిరి.

ఈ మాటల మార్పులన్నియు ఒక సంగతిని తెలుపుచున్నవి. మనుష్యుడు తన జీతముతో మాత్రమే బ్రతుకడు. తన్నెవరితో లెక్కింతురో ఆ లెక్కతోను బ్రతుకును. కార్ల్ మార్క్స్ 1852లో ఫ్రాన్సు దేశపు చిన్న రైతులను గూర్చి వ్రాయుచు, ఒకే విధముగ జీవించినంత మాత్రమున వారు ఒక వర్గము కారనియు, సంచిలో వేసిన బంగాళాదుంపల వలె ప్రక్కప్రక్క నుందురే కాని కలియరనియు భావించెను. తమ స్థితి యొక్కటియే యని వారే గుర్తించి కలిసి నిలుచునప్పుడు కాని వర్గము పూర్తిగా ఏర్పడదని ఆయన అభిప్రాయము. ఆయన తరువాతివాడైన మాక్స్ వేబరు, సంపద యొకటి, గౌరవము వేఱొకటి యని విడదీసెను. చేతిలో చిల్లిగవ్వ లేని పురోహితుని చూచి షావుకారు లేచి నిలుచుట చూచినవారికి వేబరు మాట నెవ్వరును వివరింప నక్కఱలేదు.

నడిమివారి మనస్సు విచిత్రమైనది. 1940లో అమెరికాలో ఫార్చ్యూన్ అను పత్రిక జనులను, 'మీరు పై తరగతివారా, మధ్యతరగతివారా, క్రింది తరగతివారా?' అని అడిగించినది. నూటికి 79 మంది మధ్యతరగతి యనిరి. అమెరికాలో వర్గములే లేవు, అందఱును నడిమివారే యని కొందఱు సంతోషించిరి. 1945లో రిచర్డ్ సెంటర్స్ అను మనశ్శాస్త్రజ్ఞుడు సుమారు 1,100 మందిని అదే ప్రశ్న మఱల అడిగెను. కాని ఈసారి జవాబులలో ఇంకొక మాట చేర్చెను: 'శ్రామిక వర్గము'. అప్పుడు నూటికి 51 మంది తాము శ్రామికులమనిరి, 43 మంది మధ్యతరగతి యనిరి, క్రింది తరగతి యని యొప్పుకొన్నవారు ఒక్కరు. ఈ ఫలితములను ఆయన 1949లో గ్రంథముగా ప్రకటించెను. ఐదేండ్లలో దేశము తలక్రిందులు కాలేదు. 'క్రింది' అను మాట కెవ్వడును ఒప్పుకొనడు. 'శ్రామికుడు' అను మాటలో తలవంపు లేదు. గౌరవముగ నిలువగల మాట దొరకని చోట మనుష్యుడు నడిమి మాటలో తలదాచుకొనును.

తెలుగునాట ఇట్టి ప్రశ్న అడిగిన జవాబు వచ్చు తీరు వేఱుగా నుండదు. ఉన్నవాడనని చెప్పుకొనినచో అప్పునకు వత్తురు, చందాకు వత్తురు, దిష్టియు తగులును. లేనివాడనని చెప్పుకొనినచో పిల్ల నీయరు. కాన ఇరువది యెకరముల ఆసామియు, రెండెకరముల కౌలుదారును, బడిపంతులును, కిరాణాకొట్టు యజమానియు ఒక్కటే మాట చెప్పుదురు: 'ఏదో మధ్యతరగతివారము.' ఆ 'ఏదో' అను మాటలోనే సగము మనశ్శాస్త్రమున్నది.

ఈ మనస్సు బాగుగా శ్రమపడి, బాగుగా దెబ్బతిని, పుస్తకములలో నిలిచిన చోటు జర్మనీ దేశము. అక్కడి కథ తెలిసిన ఇక్కడిది తేలికగ అర్థమగును.

పందొమ్మిదవ శతాబ్దము చివర జర్మనీలో ఫ్యాక్టరీలు పెరిగి, వానితోపాటు లెక్కలు వ్రాయు గుమాస్తాలును, అంగళ్లలో అమ్మువారును, పటములు గీయువారును లక్షలుగా పెరిగిరి. వీరికి ఫ్యాక్టరీలో వాటా లేదు, యజమాని పొమ్మన్న పోవలసినదే. ఆ విషయమున కూలివానికిని వీరికిని భేదము లేదు. కాని కూలివానికి వారమునకు కూలి, వీరికి నెలకు జీతము. వాని చేతికి నూనె, వీరి చేతికి సిరా. ఈ భేదమును 1911లో అక్కడి ప్రభుత్వము శాసనముతో గట్టిచేసినది. జీతగాండ్రకు ప్రత్యేకముగ ఒక పింఛను బీమా ఏర్పఱచిరి. కూలివానికి వృద్ధాప్యపు పింఛను 70 ఏండ్లకు, జీతగానికి 65 ఏండ్లకు. జీతగాని భార్య విధవ యైనచో ఆమెకు పింఛను దొరకును. కూలివాని విధవకు, ఆమె పని చేయలేని స్థితిలో నున్నప్పుడే దొరకును. కూలివారి వయస్సును 1916లో 65కు తగ్గించిరి. గోడ మాత్రము నిలిచినది. ఈ రెండు జాతుల బీమాల భేదము పూర్తిగ తొలగింపబడినది 2005లో! దాదాపు నూఱేండ్లు ఒక దేశపు చట్టము సిరాచేతికిని నూనెచేతికిని వేఱువేఱు ఖాతాలు వ్రాసినది.

గోడకు ఈవల నున్నవాడు దానిని ప్రాణముగ చూచుకొనుట ఆశ్చర్యము కాదు. వాని కది ఆత్మగౌరవము. అంతలో యుద్ధము వచ్చినది, ఓటమి వచ్చినది, ద్రవ్యోల్బణము వచ్చినది. 1923 నవంబరు నాటికి ఒక్క డాలరు 4,20,000 కోట్ల మార్కులకు సమానమైనది. ముప్పది యేండ్లు పొదుపు చేసి, కూతురి పెండ్లికనియు ముసలితనమునకనియు బ్యాంకులో దాచినవాడు ఆ మొత్తముతో ఒక రొట్టె కొనలేని స్థితికి వచ్చెను. కూలివానికి పోవుటకు పొదుపు లేదు. పొదుపే తన గుణమని, తన్ను కూలివానినుండి వేఱు చేయునది అదియే యని నమ్మినవానికి, పోయినది డబ్బుతో ఆగలేదు, గుణమే పోయినట్లైనది.

తరువాతి యేండ్లలో కార్యాలయములకు యంత్రములు వచ్చినవి. పెద్ద హాలులో వరుసలుగ కూర్చుండి రోజంతయు ఒక్కటే మీట నొక్కు పని వచ్చినది. నలుబది యేండ్లు దాటిన గుమాస్తాకు మఱల ఉద్యోగము దొరకుట దుర్లభమైనది. 1929లో జీగ్‌ఫ్రీడ్ క్రాకవర్ అను పత్రికారచయిత బెర్లిను నగరములోని ఈ గుమాస్తాలను చూచుచు, వారితో మాటలాడుచు, ఒక వ్యాసపరంపర వ్రాసెను. అది 1930లో పుస్తకమైనది. ఆయన లెక్క ప్రకారము జీతగాండ్రు 35 లక్షలు, వారిలో 12 లక్షలు స్త్రీలు. వారి బ్రతుకు కూలివాని బ్రతుకునుండి వేఱు కాదని ఆయన చూపెను. కాని వారి ఊహలో వేఱు. సాయంకాలము దీపములతో వెలుగు పెద్ద వినోదశాలలకు పోయి, తమది కాని ఒక లోకములో కొన్ని గడియలు కూర్చుండి వత్తురు. పాత దొరల ఇంటి విలువలు కూలిపోయినవి, కూలివారి సంఘపు ఇల్లు వారికి నచ్చదు. ఏ ఇంటనూ వారు లేరు.

1930 సెప్టెంబరు ఎన్నికలలో హిట్లరు పక్షము 12 స్థానములనుండి 107 స్థానములకు పెరిగినది. ఆ సంవత్సరముననే థియొడోర్ గైగర్ అను సంఘశాస్త్రజ్ఞుడు ఇది మధ్యతరగతివారి భీతి యని వ్యాసము వ్రాసెను. చాలకాలము పండితులు ఆ మాటనే చెప్పిరి. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఓట్లలెక్కలను ఊరూరను వాడవాడను పరిశీలించి యుర్గెన్ ఫాల్టర్ 1991లో ప్రకటించిన గ్రంథము ఆ కథను కొంత సవరించినది. కూలివారును ఆ పక్షమునకు తక్కువగ ఓట్లు వేయలేదు. గుమాస్తాలు అనుకొన్నంతగా అటు మొగ్గలేదు. చిన్న వ్యాపారులు, సొంత వృత్తులవారు, రైతులు ఎక్కువగ మొగ్గిరి. గుమాస్తాలలో ఒక భాగము కూలివారి సంఘములతో కలిసి నడచినది గూడ. భయపడిన ప్రతివాడును ఒకే దిక్కునకు పరుగెత్తడు. భయముండెననుట మాత్రము నిజము. ఆ భయమున ఎవరు వచ్చి, 'నీవు క్రిందివాడవు కావు, నీ క్రిందికి వేఱొకరిని చూపుదును' అని చెప్పునో వాని మాట చెవికింపుగ నుండుట నిజము. ఆ చూపబడినవారు యూదులు. తరువాతి చరిత్ర అందఱకును తెలిసినదే.

తెలుగునాటి మధ్యతరగతి ఇంత ఘోరమును చూడలేదు, చేయలేదు. ఇచ్చటిది వేఱు పుట్టుక. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైనవి. కాలువల నీరు పాఱిన చోట వరి పండినది. వరి పండిన చోట మిగులు నిలిచినది. ఆ మిగులు కొంత బంగారమైనది, కొంత మేడయైనది, కొంత కుమారుని చదువైనది. మచిలీపట్నము, గుంటూరు, కాకినాడ కళాశాలలకు మూటాముల్లెలతో పోయిన ఆ కుమారులే క్రొత్త నడిమివారు. అంతకుముందే అగ్రహారముల బిడ్డలు ఆ దారిని నడచియుండిరి. 1892లో మొదట ప్రదర్శింపబడిన 'కన్యాశుల్కము'లో అగ్నిహోత్రావధానులు కొడుకు ఇంగ్లీషు చదువునకగు ఖర్చును తలచి గొణుగుట, గిరీశము రెండు ఇంగ్లీషు ముక్కలతో ఇల్లంతయు లోబఱచుకొనుట చూచిన ఈ క్రొత్త నాణెము విలువ ఎంతో తెలియును. తరువాతి కాలమున కొడవటిగంటి కుటుంబరావు ఈ నడిమి ఇండ్లలోని లెక్కలను, అలకలను, పిఱికితనమును ఓపికగ వ్రాసిపెట్టెను. రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లోని సుబ్బయ్య ఒక గుమాస్తా. నీడకు సయితము జడియువాడు. జర్మనీలో క్రాకవర్ చూచిన మనిషికిని సుబ్బయ్యకును పరిచయము లేకున్నను చుట్టఱికము కలదు.

ఈ మనిషి బ్రతుకునకు కేంద్రమైన మాట 'పరువు'. పరువునకు కాపలాదార్లు 'నలుగురు'. 'నలుగురేమనుకొందురు?' అను ప్రశ్న అడుగని తెలుగు ఇల్లు లేదు. మనుష్యుడు తన స్థితిని ఎవరి ప్రక్కన నిలువబెట్టి కొలుచుకొనునో ఆ గుంపును గూర్చి సామాజిక మనశ్శాస్త్రజ్ఞులు 1942 మొదలుకొని గ్రంథములు వ్రాయుచున్నారు. తెలుగుభాష ఆ సంగతిని ఒక్క మాటలో ఏనాడో చెప్పియున్నది. కాని ఈ నలుగురు ఎవరు? వీరు లెక్కకు నలుగురు కారు, వీరికి ముఖములు లేవు. పాడె మోయుటకు వచ్చు నలుగురును వీరును ఒకరు కారు. తఱచుగ మోయువారు వేఱు, అనుకొనువారు వేఱు. పొలములో కలుపు తీయునామె ఏమనుకొనునో యని ఏ గృహస్థుడును నిద్ర మానుకొనడు. తనతో సమానుడై, నిన్నటి వరకు పెంకుటింటిలో నుండి, నేడు శ్లాబు వేసిన ప్రక్కింటివాడు ఏమనుకొనునో యని మానుకొనును.

అమెరికా సైన్యమును పరిశీలించి 1949లో స్టౌఫర్ మొదలగువారు ప్రకటించిన గ్రంథములో దీనికి చక్కని నిదర్శనమున్నది. విమానదళములో పదోన్నతులు త్వరగా వచ్చెడివి, సైనిక పోలీసులో మిక్కిలి ఆలస్యము. అసంతృప్తి ఎవరిలో ఎక్కువ? విమానదళములో. పదిమందిలో ఒక్కరు పైకెక్కు చోట మిగిలినవారు తమతోపాటు నిలిచిపోయినవారిని చూచి ఊరటపడుదురు. సగముమంది ఎక్కు చోట ఎక్కనివాడు కుమిలిపోవును. ఒక ఊరినుండి ఒక్క బిడ్డ అమెరికా పోయిన ఊరంతయు సంతోషించును. ప్రతి వీధినుండి ఒకడు పోయిన, పోలేని బిడ్డ తండ్రి రచ్చబండకు వచ్చుట మానును.

పరువు ఖరీదును ఎక్కువగ చెల్లించినది స్త్రీ. ఇది విస్తరించి చెప్పవలసిన సంగతి, సభలలో చెప్పబడని సంగతి. ఒక కుటుంబము కొంచెము పైకి వచ్చినదనుటకు పల్లెటూళ్లలో మొదటి గుర్తు ఏది? ఇల్లు కాదు, బండి కాదు. 'మా కోడలు పొలమునకు పోదు' అను మాట. ఎం. ఎన్. శ్రీనివాస్ మొదలగు సంఘశాస్త్రజ్ఞులు దేశమంతట ఈ వరుసను గమనించిరి. పైకెక్కు కులములు ముందుగ తమ స్త్రీలను గడపలోనికి పిలుచుకొనును. అత్త నాటు వేసినది, కోత కోసినది, పదిమంది ఆడవారితో మాటలాడుచు తన కూలిగింజలు తన కొంగున కట్టుకొని వచ్చినది. ఎండలో శ్రమ పడినది, నిజమే. దానిని గొప్పజేసి చెప్పుట న్యాయము కాదు. కోడలికి నీడ దొరకినది. కాని కొంగున గింజలు పోయినవి. పశువుల మేత, పేడకళ్లు, మిరప యెండబెట్టుట, చింతపండు తీయుట, వడ్ల కాపలా, ముసలివారి సేవ, అన్నియు ఆమెయే చేయును. జనాభా లెక్కలవాడు వచ్చి 'ఆమె ఏమి చేయును?' అని అడిగిన, అరుగుమీది మగవాడు 'ఏమియు చేయదు, ఇంటిలో నుండును' అని గర్వముగ చెప్పును. ఆమె ఏమియు చేయకుండుటయే అతని మధ్యతరగతి. ఆమె లోపలినుండి ఆ మాట వినును.

ఆ కోడలి బిడ్డ చదివి ఉద్యోగమునకు పోవుట మొదలైన తరువాత వరుస మఱల తిరిగినది. పొలమునకు పోవుట చిన్నతనము, ఆఫీసునకు పోవుట గొప్పతనము! పని తప్పు కాదు, పనిలో మట్టి తప్పు. పెండ్లిచూపులలో పిల్ల ఉద్యోగమును ముందు చెప్పి, తల్లి పూర్వము కలుపునకు పోయిన సంగతిని ఎవ్వరును చెప్పరు.

ఇక సంఘటితమగుట సంగతి. నడిమివాడు ఎన్నడును కూలివానితో కలియడనుట చరిత్రకు విరుద్ధము. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఐదు దినములు సమ్మె చేసిరి. గుమాస్తాయు, టపాబంట్రోతును ఒకే జెండా క్రింద నిలిచిరి. 1974 మే నెలలో రైల్వే సమ్మె జరిగినప్పుడు స్టేషను మాస్టరు మొదలుకొని పట్టాలు సరిచేయు గ్యాంగుమను వరకు లక్షలాదిగ పాల్గొని జైళ్లకు పోయిరి. కరవుభత్యము కూలివానికిని గుమాస్తాకును ఒకటే లెక్క అని అప్పుడు తెలిసినది. విడ్డూరమేమనగా, ఆఫీసు ద్వారమున 'కార్మికుల ఐక్యత' అని కేకవేసి గొంతు పోగొట్టుకొని వచ్చిన మనిషి, ఇంటిలో అంట్లు తోము ఆమె నెలకు కొంచెము ఎక్కువ అడిగిన, 'కాలము చెడిపోయినది' అనును. అతడు అబద్ధమాడుట లేదు. ద్వారమువద్ద అతడు జీతగాడు, వంటయింటి వాకిట యజమాని. ఒకే దినమున ఒకే మనిషిలో రెండు తరగతులు కాపురము చేయును.

ఉద్యోగము జీతము మాత్రమే కాదు గనుకనే దానికొఱకు ప్రాంతములు కదలును. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడునప్పుడు పెద్దమనుష్యుల ఒప్పందములో తెలంగాణమువారి ఉద్యోగములకు రక్షణ కోరబడినది. 1969లో విద్యార్థులును ఉద్యోగులును వీధులలోనికి వచ్చుటకు ఆ రక్షణ అమలు కాలేదను బాధ ముఖ్యకారణము. 1990లో మండల్ సంఘపు సిఫార్సుల అమలును ప్రకటించినప్పుడు ఉత్తర భారతమున పట్టణపు యువకులు చేసిన ఆందోళనలోను, ఆ సిఫార్సులకొఱకు ఎదురుచూచిన వెనుకబడిన కులముల చదువరుల ఆశలోను కొట్టుమిట్టాడినది ఆ కుర్చీయే. ఎవరికి న్యాయమన్నది వేఱు చర్చ. ఆ కుర్చీ ఇన్ని ఇండ్ల పరువును మోయుచున్నదన్నది ఇచ్చటి సంగతి.

ఈనాటి లెక్కలలో నడిమివాడు ఎక్కడ నిలుచునో చెప్పుట మఱింత కష్టము. 2019 నాటి 103వ రాజ్యాంగ సవరణ పిదప, సాంవత్సరికాదాయము 8 లక్షల రూపాయలకు లోబడి, ఆస్తి పరిమితులకును లోబడి యున్న అగ్రకుల కుటుంబము 'ఆర్థికముగ బలహీనమైనది'. 2025 బడ్జెట్టులో క్రొత్త పద్ధతి క్రింద 12 లక్షల ఆదాయము వరకు పన్ను లేకుండ చేసి, అది మధ్యతరగతికి కానుక యనిరి. అనగా 10 లక్షల వాడు పన్నునకు చాలనివాడు, బలహీనతకు మించినవాడు. పల్లెలలో తెల్లరేషను కార్డు కథ ఇంకొకటి. పెండ్లి మాటలలో 'మేము మధ్యతరగతివారము' అని తల యెత్తి చెప్పిన ఇంటివారే తెల్లకార్డు దరఖాస్తులో తల దించుకొని వేఱు సంఖ్య వ్రాయుట అరుదు కాదు. దీనిని దొంగతనమని తేల్చివేయుట సులభము. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు ఆసుపత్రి ఖర్చు ఆ కార్డుతో ముడిపడినది. రెండెకరములును ఒక డాబాయు గల కుటుంబమును ఒక్క గుండెజబ్బు రెండు నెలలలో కూలివాని ప్రక్కకు దింపగలదు. పైకి డాబా, లోపల ఆ భయము. పైన పటారము లోన లొటారమని ఎగతాళి చేయువారు ఆ లొటారములో ఎవరి మందులచీటి యున్నదో చూడరు.

గ్రంథాలయములకును ఈ విషయమునకును సంబంధము లేదనుకొనరాదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయమును, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును ఏర్పఱచినవారు చాలవఱకు ఈ నడిమివారే: ప్లీడర్లు, పంతుళ్లు, చదువుకొన్న రైతుబిడ్డలు. తమ చదువు తమ గౌరవమునకు మాత్రమే చాలదని వారికి తోచినది. 1935లో పాతూరి నాగభూషణముగారును వారి తోడివారును గుంటూరు జిల్లా పెదపాలెము ప్రాంతమున కాలువ పడవలలో పుస్తకములుంచి ప్రయాణికులకు చదువనిచ్చిరి. ఆ పడవలో ఇంటరు తరగతి లేదు.

అయినను గ్రంథాలయపు గడపయు ఒక గీత గానే మిగిలిన ఊళ్లు చాల కలవు. ఇస్త్రీచొక్కా లేనివాడు పత్రిక చూడవచ్చి, బల్లవద్ద కూర్చున్నవారిని చూచి, గోడప్రక్కన నిలిచి తల వంకరగ పెట్టి ముఖపత్రము చదివి పోవును. 'లోపలికి రమ్ము' అన్న, 'పరవాలేదు బాబూ' అనును. అతనిని ఎవ్వరును ఆపలేదు. 'అది చదువుకొన్నవారిది' అని అతని మనస్సే ఆపినది. గోడకు ఆవలివాని మనస్సులో గూడ ఆ గోడ లేచియున్నది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు వసూలగును. గోడప్రక్కన నిలిచినవాని ఇంటిపన్ను రసీదు మీదను ఆ సెస్సు వ్రాసియుండును. ఆ రసీదు ఇంటి చూరులో చెక్కి పెట్టబడియుండును.